క్లాసులో సాగే యోగా ఇంట్లో ఎందుకు ఆగిపోతుంది?

క్లాసులో గంట ఇట్టే గడిచిపోతుంది. ఇంట్లో మ్యాట్ పరిస్తే పావుగంటకే గడియారం వైపు చూస్తాం. దీనికి బద్ధకం అని పేరు పెట్టి ఊరుకుంటే మందు దొరకదు. క్లాసులో ఒక టైమ్ ఉంటుంది, తర్వాత ఏం చేయాలో చెప్పే గొంతు ఉంటుంది, తప్పు పట్టే కన్ను ఉంటుంది. వీటిలో ఏది లేక మీ సాధన ఆగుతోందో ముందు చూసుకోండి.

మ్యాట్ మీద నిలబడ్డాక ఏం చేయాలో తోచట్లేదు

మాస్టారు చెబుతుంటే చేశాం తప్ప వరస గుర్తుపెట్టుకోలేదు. అందుకే ఫోన్‌లో వీడియో వెతుకుతాం. ఏది చూడాలో తేల్చుకునేలోపే పది నిమిషాలు పోతాయి. పైగా త్రికోణాసనంలో స్క్రీన్ కోసం మెడ తిప్పితే ఆసనమే చెడుతుంది.

నెల రోజులపాటు ఒకే వరస పెట్టుకోండి: తాడాసనం, సూర్య నమస్కారాలు, త్రికోణాసనం, భుజంగాసనం, పశ్చిమోత్తానాసనం, శవాసనం. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. ఏమీ గుర్తులేని రోజున సూర్య నమస్కారాలు చాలు. ఆ 12 భంగిమల్లో ఛాతీ విచ్చుకున్నప్పుడు ఊపిరి లోపలికి, ముందుకు వంగినప్పుడు బయటికి. ఆ ఊపిరే దాదాపు దారి చూపిస్తుంది.

నాలుగు రోజులు చేసి రెండు వారాలు మానేస్తున్నాను

రోజూ గంట చేయాలని పెట్టుకోవడమే చాలాసార్లు కారణం. గంట దొరకని రోజు అసలే చేయం. జూన్ 21న యోగా దినోత్సవం ఊపులో మొదలుపెట్టినవాళ్లు ఆషాఢం దాటకుండానే చతికిలబడేది ఇక్కడే. పతంజలి యోగసూత్రాల మొదటి పాదం 14వ సూత్రం అభ్యాసం గట్టిపడాలంటే చాలాకాలం, ఎడం లేకుండా, ఆదరంతో చేయాలంటుంది. రోజుకు ఎంతసేపు చేయాలన్న లెక్క అందులో లేదు.

కాబట్టి పదిహేను నిమిషాలు పెట్టుకోండి. దాన్ని ఉన్న అలవాటుకు ముడేయండి, అంటే పళ్లు తోముకున్నాక, కాఫీకి ముందు. పిల్లల క్యారేజీల హడావుడిలో పొద్దున కుదరకపోతే సాయంత్రం, రాత్రి భోజనానికి ముందు చేయండి. భోజనం చేశాక మూడు నాలుగు గంటలు మాత్రం ఆగాలి.

ఇంట్లో చేస్తుంటేనే నొప్పులు వస్తున్నాయి

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పశ్చిమోత్తానాసనంలో తొడ వెనక కండరం మొత్తం లాగినట్టుంటే ఫరవాలేదు. పిర్ర కింద, కూర్చుంటే నేలకు తగిలే ఎముక దగ్గర, ఒకే చోట పొడిచినట్టుంటే మాత్రం కండరం ఎముకను పట్టుకునే చోట దెబ్బ తింటోందేమో చూసుకోవాలి. ఒళ్లు వేడెక్కకుండానే కాలివేళ్లు అందుకోవాలని చేతులతో లాగడం వల్ల తరచూ ఇలా అవుతుంది. సాగదీస్తే పోతుందనుకుని ఇంకా వంగితే నెలల తరబడి వదలదు. అది తగ్గేదాకా ముందుకు వంగే ఆసనాలు ఆపండి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు మడత దుప్పటి మీద కూర్చుని, మోకాళ్లు కొద్దిగా వంచి, పొట్టను తొడల వైపు తీసుకెళ్లండి. నుదురు మోకాళ్లకు ఆనకపోయినా నష్టం లేదు.

మణికట్టు నొప్పి అయితే బరువంతా అరచేతిలో మణికట్టు దగ్గరి భాగం మీద పడుతోందన్నమాట. వేళ్లు విప్పార్చి చూపుడువేలు, బొటనవేలు మొదళ్లతో నేలను నొక్కండి. పద్మాసనంలో మోకాలు నొప్పి పెడితే తుంటి తిరగక ఆ మెలి మోకాలి మీద పడుతోంది. బలవంతంగా నొక్కకుండా సుఖాసనంలో కూర్చోండి. సర్వాంగాసనం, శీర్షాసనం ఇంట్లో ఒంటరిగా నేర్చుకునేవి కావు. బీపీ, గ్లకోమా అనే కంటి జబ్బు, మెడ ఎముకల సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా తలకిందులయ్యే ఆసనాల జోలికి పోవద్దు. ఊపిరిని వేగంగా బయటికి వదిలే కపాలభాతిలో కళ్లు తిరిగితే అక్కడికక్కడే ఆపి మామూలుగా ఊపిరి పీల్చండి. బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు అసలు చేయకూడదు.

కాళ్లు జారుతున్నాయి

కొత్త మ్యాట్ మీద నునుపు పూత ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. టైల్స్ మీద ఒట్టి జంపఖానా పరిచి నిలబడే ఆసనాలు వేయొద్దు.

శవాసనం దాకా రాలేకపోతున్నాను

కళ్లు మూసుకుని పడుకుంటే ఇంట్లోవాళ్లకు ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తాం. అప్పుడే పాలవాడొస్తాడు, చెత్త బండి వస్తుంది. ఇంకో ఐదు నిమిషాలు పిలవొద్దని ముందే చెప్పండి. టైమ్ చాలకపోతే ఒక ఆసనం తగ్గించుకోండి, శవాసనం మాత్రం వదలొద్దు.

నెలలు గడిచినా ఎక్కడున్నానో అక్కడే ఉన్నాను

పతంజలి చెప్పిన తొమ్మిది అంతరాయాల్లో అనుకున్న స్థితికి చేరలేకపోవడం ఒకటి, చేరినా నిలవలేకపోవడం ఇంకొకటి. ఆయన చెప్పింది చిత్తం గురించి. ఒంటి వరకైతే మన తప్పు మనకు కనిపించకపోవడమే చాలాసార్లు అడ్డు. ఫోన్‌ను గోడకు ఆనించి పక్కనుంచి వీడియో తీసుకుంటే వీపు గూనిగా వంగుతున్నది మొదట బయటపడుతుంది. నెలకోసారైనా క్లాసుకు వెళ్లండి. అన్నీ అడగాలనుకోకుండా, ఆ నెలలో ఇబ్బంది పెట్టిన ఒక్క ఆసనం మాస్టారి ముందు వేసి, ఎక్కడ తప్పుతోందో చెయ్యి పెట్టి చూపించమనండి.