పసిబిడ్డకు ఉన్నట్టుండి వాంతులు: ముందు రంగు చూడండి, తర్వాత గడియారం

బిడ్డ వాంతి చేసుకోగానే చేతికి గుడ్డ వస్తుంది, క్షణంలో తుడిచేస్తారు. డాక్టరు మొదట అడిగేది మాత్రం రంగు గురించే. తుడిచే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీయండి, చాలు.

రంగు చెప్పడంలో మన భాషకే ఒక చిక్కుంది. పసుపునూ పచ్చ అంటాం, ఆకునూ పచ్చ అంటాం. "పచ్చగా కక్కాడు" అంటే అవతలివాళ్లకు ఏమీ తెలియదు. ఆకు రంగా, పసుపు రంగా అని విడదీసి చెప్పండి.

ఆకుపచ్చ రంగు. అది పైత్యరసం. పేగు మెలిపడి ఉండొచ్చు. మెలిపడిన పేగుకు రక్తం అందకపోతే కొద్ది గంటల్లోనే చచ్చుపడుతుంది. పాలు, మందు ఏవీ పట్టకుండా, పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే బయల్దేరండి. పసుపో ఆకుపచ్చో తేల్చుకోలేకపోతే ఆకుపచ్చే అనుకోండి. ఎరుపు కనిపించినా, కాఫీ పొడి కలిపినట్టున్నా ఆగకూడదు.

తెల్లగా పెదవి చివర నుంచి కారుతోంది, బిడ్డ హాయిగా ఆడుకుంటోంది. ఇది పాలు కక్కడం, వాంతి కాదు. బాటిల్ పాలైతే బాటిల్‌ను తలకిందులు చేసి చూడండి: పాలు చుక్కలుగా పడాలి, ధార కడితే పాలపీక రంధ్రం పెద్దదైనట్టు. ఆరు నెలల లోపు బిడ్డకు డబ్బాపాలు రోజుకు కిలో బరువుకు సుమారు 150 మి.లీ. లెక్క, 5 కిలోల బిడ్డకు 750 మి.లీ. ముందు నీళ్లు కొలిచి, తర్వాతే పొడి వేయాలి. స్కూపు గోపురంలా నింపకండి.

పాలు తాగిన ప్రతిసారీ దూరంగా చిమ్ముతోంది, వెంటనే మళ్లీ ఆకలంటోంది. వయసు 2 నుంచి 8 వారాల మధ్య ఉంటే జీర్ణాశయం చివరి ద్వారం దగ్గర కండరం మందమై దారి మూసుకుపోతూ ఉండొచ్చు. అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది, చిన్న ఆపరేషన్‌తో పోతుంది.

10, 20 నిమిషాలకోసారి కాళ్లు ముడుచుకుని గుక్కపెట్టి ఏడుస్తోంది, మధ్యలో మామూలుగానో నీరసంగానో ఉంటోంది. గ్యాస్ అని సరిపెట్టుకోకండి. పేగులోకి పేగు దూరి ఉండొచ్చు. మూడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. మలంలో నెత్తురు, జిగురు కనిపించేది ఆలస్యంగానే, దాని కోసం ఎదురుచూడొద్దు. ఏడుపును వీడియో తీసుకుని బయల్దేరండి.

జ్వరం, వాంతులు ఉన్నాయి గానీ విరేచనాలు లేవు. మూత్ర పరీక్ష చేయించండి. పసివాళ్లలో మూత్ర ఇన్ఫెక్షన్ ఇలాగే దాక్కుంటుంది. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ చేరితే వెంటనే ఆసుపత్రి.

జ్వరం లేదు. నిన్నటిదాకా బాగానే ఉంది. ఉన్నట్టుండి వాంతి మీద వాంతి, ఒళ్లు పాలిపోయి బిడ్డ వేలాడిపోతోంది. అందరినీ మోసం చేసేది ఇదే. పేరు ఎఫ్‌పైస్, పేగుకు సంబంధించిన ఒక రకం ఆహార అలర్జీ. వాంతి కాగానే "ఇప్పుడేం పెట్టారు?" అని వెతుకుతారు. దొంగ మాత్రం అంతకు ముందే దాటిపోయి ఉంటాడు: తిన్న 1 నుంచి 4 గంటలకు వాంతులు మొదలవుతాయి, తరచుగా రెండు గంటలప్పుడు. దద్దుర్లు రావు, ముఖం వాయదు, కాబట్టి అలర్జీ అన్న ఆలోచనే రాదు. కొందరికి 5 నుంచి 10 గంటల తర్వాత విరేచనాలు కూడా అవుతాయి. దాంతో కడుపు ఇన్ఫెక్షన్ అనే ముద్ర పడిపోతుంది. మర్నాటికి బిడ్డ కోలుకుంటే ఆ ముద్ర ఇంకా గట్టిపడుతుంది. అలర్జీకి చేసే చర్మ పరీక్ష కూడా చాలాసార్లు ఏమీ లేదనే చెబుతుంది.

ఎక్కువగా కారణమయ్యేవి ఆవుపాలు, సోయా, బియ్యం, ఓట్స్, గుడ్డు, చేప. "ఇంతకు ముందు తిన్నాడు, ఏం కాలేదు" అన్న మాటతో కొట్టిపారేయకండి, కొన్నిసార్లు తిన్నాక కూడా మొదలవుతుంది. పట్టుకునే దారి కాగితం, గడియారం: కొత్త పదార్థం పేరు, పెట్టిన సమయం, ఎన్ని చెంచాలు, మొదటి వాంతి ఎప్పుడు. కొత్తవి ఒక్కోటిగా, మధ్యలో రెండు మూడు రోజులు ఎడం ఇచ్చి పెట్టండి. ఏదైనా పెట్టిన 1 నుంచి 4 గంటలకు ఇలా వాంతి మీద వాంతి అయితే దాన్ని ఆపి, కాగితం పిల్లల డాక్టరుకు చూపించండి. పరీక్షగా మళ్లీ ఇంట్లో పెట్టి చూడకండి, ఆ పని ఆసుపత్రిలోనే జరగాలి. బిడ్డ వేలాడిపోతుంటే సెలైన్ అవసరం పడుతుంది. వాంతి ఆపే మందు డాక్టరే ఇవ్వాలి. దద్దుర్లకు వాడే అలర్జీ సిరప్ దీనికి పనిచేయదు. చాలామందికి పెరిగేకొద్దీ తగ్గిపోతుంది.

తలకు దెబ్బ తగిలాక వాంతులైనా, మాడు ఉబ్బినా ఇంట్లో ఆలోచించే పని లేదు, ఆసుపత్రే. జన్యుపరమైన జీవక్రియ లోపాల గురించి ఇంటర్నెట్‌లో రాత్రంతా చదవకండి, అవి అరుదు.

మామూలు కడుపు ఇన్ఫెక్షన్‌కు తల్లిపాలు ఆపకండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపిన ఓఆర్ఎస్ 5 మి.లీ. చెంచాతో రెండు మూడు నిమిషాలకోసారి పట్టండి. వాంతైతే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా. గ్లాసుతో ఒకేసారి పోస్తే అంతా బయటికే. ఆరు నెలల లోపు బిడ్డకు ఉత్త నీళ్లు వద్దు. ఆరు గంటలుగా డైపర్ తడవకపోయినా, మాడు లోతుకు పోయినా, ఏడ్చినా కన్నీళ్లు రాకపోయినా ఇక చెంచా పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి.