పరిణామం లెక్కలతో, 4వ పాఠం: పల్లేరుకాయ పరీక్ష

పోయిన పాఠంలో మూడు షరతులు చూశాం. ఒక జాతిలో తేడాలుండాలి, అవి తల్లిదండ్రుల నుంచి పిల్లలకు రావాలి, వాటిని బట్టి కొన్ని బతకాలి, కొన్ని పోవాలి. ఈసారి ఆ మార్పు ఎంతో లెక్కకడదాం.

ముందు నాలుగు పల్లేరుకాయలు తెచ్చుకోండి. దేవరకొండ, అచ్చంపేట దిక్కు చెల్కల్లో వెతికే పనే లేదు, చెప్పులకే గుచ్చుకొని ఇంటికొస్తాయి. ఎండిన కాయ అయిదు ముక్కలవుతుంది. ఒక ముక్కను పటకారుతో నొక్కి గింజ తీయండి. తర్వాత ఒక గడ్డిగింజను నొక్కి చూడండి. తేడా చేతికే తెలుస్తుంది.

పసిఫిక్ సముద్రంలోని గలాపగోస్ దీవుల్లో ఒకటైన డాఫ్నే మేజర్‌లోనూ పల్లేరు జాతి మొక్క ఒకటుంది. జీవశాస్త్రవేత్తలైన పీటర్, రోజ్‌మెరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి అక్కడి ఫించ్‌ల (గింజలు తినే చిన్న పిట్టల) కాళ్లకు రింగులు వేసి, ముక్కులు కొలుస్తూ వచ్చారు. 1977లో కరువొచ్చింది. చిన్న గింజలు ముందే అయిపోయాయి, మిగిలినవి చాలావరకు పల్లేరు లాంటి గట్టివే, వాటిని పగలగొట్టడం మందపు ముక్కులకే సులువు. సుమారు 85 శాతం పిట్టలు చచ్చిపోయాయి. ముక్కు సగటు మందం కరువుకు ముందు దాదాపు 9.4 మిల్లీమీటర్లు, బతికినవాటిలో 9.9.

ఇక్కడే చాలామంది తడబడతారు. గట్టి గింజలు కొరికి కొరికి ఏ పిట్ట ముక్కూ లావెక్కలేదు. సన్నముక్కువి ఎక్కువగా పోయాయి కాబట్టి సగటు జరిగింది, అంతే. పాఠ్యపుస్తకాల్లో 'అలవాటు పడ్డాయి' అని రాసేవాళ్ల మీద నాకు కోపం ఇందుకే.

ఇక లెక్క. బతికినవాటి సగటుకూ పాత సగటుకూ తేడా 0.5. ముక్కు మందంలోని తేడాల్లో వారసత్వంగా వచ్చే వంతు దాదాపు 0.7. రెండూ గుణిస్తే 0.35. అంటే పిల్లల సగటు 9.75 దగ్గర ఉండాలి. నిజంగానే 1978లో పుట్టిన పిల్లల ముక్కులు కరువు ముందటి వాటికన్నా సుమారు 4 శాతం మందంగా తేలాయి. 9.4లో 4 శాతం ఎంతో మీరే చూసుకోండి. వంతు సున్నా అయితే? ఎన్ని పిట్టలు చచ్చినా పిల్లలు మళ్లీ 9.4కే వస్తాయి.

అభ్యాసం: 1983లో ఎల్‌నినో (పసిఫిక్ సముద్రపు నీళ్లు మామూలుకన్నా వేడెక్కడం) వల్ల అదే దీవిలో కుండపోత వానలు పడ్డాయి, చిన్న గింజలు నిండిపోయాయి. ఆ తర్వాత చిన్న ముక్కులవే ఎక్కువగా బతికాయి. బతికినవాటి సగటు 0.2 తగ్గిందనుకోండి, ఈ అంకె లెక్క కోసం నేను పెట్టింది. వంతు అదే 0.7 అయితే, పిల్లల సగటు ఎంత జరుగుతుంది, ఎటు జరుగుతుంది? జవాబు 5వ పాఠం మొదట్లో ఉంటుంది.