లేపాక్షి మీద వ్యాసం రాయించే ముందు జాగ్రత్తలు

అనంతపురం హైస్కూళ్లలో పిల్లలతో బయటి ఆధారాలు వెతికించి వ్యాసం రాయించబోతున్న టీచర్లు ముందు ఇవి చూసుకోండి.

• మీరిచ్చే లింకులన్నీ మీరే ముందుగా తెరిచి, చివరిదాకా చదవండి.

• సమాచారం ఏ ఏడాదిదో చూడటం నేర్పండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. పాత పుస్తకాల్లో లేపాక్షి అనంతపురం జిల్లాలో ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా. రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తే పిల్లలు తికమకపడతారు. ఏది ఎప్పుడు రాశారో చూడమంటే చిక్కు వాళ్లే విప్పుకుంటారు, ఆ అవకాశం వాళ్లకే వదలండి.

• స్థలపురాణం వేరు, చరిత్ర వేరు. లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు పీకి గోడకేసి కొట్టాడన్న కథ రాయనివ్వండి, కానీ ‘అని చెప్పుకుంటారు’ అన్న మాట తప్పక ఉండాలి. గుడి విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలం నాటిదని రాస్తే మాత్రం ఆధారం చూపాలి.

• చదివాక ఫోన్ పక్కన పెట్టించి, సొంత మాటల్లో చెప్పించండి. నోట రాకపోతే అప్పుడే పెన్ను పట్టించొద్దు, మళ్లీ చదివించండి.

• ఏ వాక్యం ఆధారం ఆ వాక్యం పక్కనే. చివర్లో కుప్పపోస్తే ఏది దేనిదో తెలియదు.

• ఫొటో తీసిందెవరో రాయాలి.