ఎంపీ రికార్డు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: మంగళవారం ఓటు, శుక్రవారం బిల్లు

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్‌తో మొదలుపెడదాం. 2003 మార్చి 18న బ్రిటన్ కామన్స్ సభలో ఇరాక్ యుద్ధం మీద జరిగిన రెండు డివిజన్ల (అంటే ఓట్లు లెక్కపెట్టే ఓటింగుల) అంకెలు ఇచ్చాను. మొదటిది సవరణ మీద: అనుకూలం 217, వ్యతిరేకం 396. రెండోది ప్రభుత్వ తీర్మానం మీద: అనుకూలం 412, వ్యతిరేకం 149. రెండో డివిజన్‌లో ఎంతమంది ఓటు వెయ్యలేదో తేల్చమన్నాను.

412కి 149 కలిపితే 561. అప్పట్లో సభలో సీట్లు 659. తేడా 98. ఇక్కడ ఆగిపోయి ‘98 మంది డుమ్మా కొట్టారు’ అని రాసుకుంటే పప్పులో కాలేసినట్టే. స్పీకరూ, ముగ్గురు డిప్యూటీలూ ఓటు వెయ్యరు. ఓట్లు లెక్కపెట్టే టెల్లర్లు పక్షానికి ఇద్దరు చొప్పున నలుగురు. వాళ్లను మొత్తంలో కలపరు. ఉత్తర ఐర్లండ్‌కు చెందిన షిన్ ఫేన్ పార్టీ సభ్యులు నలుగురు గెలిచినా ప్రమాణం చెయ్యరు, సభలో కూర్చోరు. ఈ పన్నెండు మందినీ తీసేస్తే మిగిలేది 86. వీళ్లలో కావాలని ఆగినవాళ్లెవరు, ఆస్పత్రిలో ఉన్నవాళ్లెవరు, పరాయి దేశంలో ఉన్నవాళ్లెవరు? డివిజన్ జాబితాలో ఆ జవాబు దొరకదు. లోక్‌సభలో తటస్థంగా ఉన్నామని చెప్పడానికి ఒక బటన్ ఉంది. కామన్స్‌లో ఓటు వెయ్యడమంటే లేచి ఏదో ఒక లాబీలోకి నడవడం. అవును అనేవాళ్లు స్పీకరుకు కుడివైపు, కాదనేవాళ్లు ఎడమవైపు. గంట మోగాక ఎనిమిది నిమిషాల్లో రావాలి, తర్వాత తలుపులు మూసేస్తారు. అప్పట్లో నడవనివాళ్ల పేరు ఎక్కడా ఉండేది కాదు. కొందరు ఘనులు రెండు లాబీల్లోనూ నడిచి రెండు జాబితాల్లోనూ కనిపిస్తారు. అది వాళ్ల ‘తటస్థం’.

ఇంకో మెలిక చూశారా? సవరణ ఏమందంటే, యుద్ధానికి తగిన కారణం ఇంకా రుజువు కాలేదని. కాబట్టి ప్రభుత్వం వైపు ఉన్న సభ్యుడు మొదటి డివిజన్‌లో ‘కాదు’ అనాలి, రెండోదానిలో ‘అవును’ అనాలి. నేను ఈ రికార్డులు చదవడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక నోటుబుక్కులో గడులు గీసుకుని, ‘అవును’ అన్న ప్రతివాళ్లనీ యుద్ధం వైపు వేసేశాను. రెండు పేజీలు నిండాక గానీ బుర్ర వెలగలేదు, ఒకే మనిషి ఒకే రాత్రి రెండు వైపులా ఎలా ఉంటాడని. అప్పటి నుంచి నాకొక అలవాటు. జాబితా ముట్టుకునే ముందు, ఓటు దేని మీద పడిందో ఆ వాక్యాన్ని తెలుగులో నా మాటల్లో రాసుకుంటాను. మీరూ రాసుకోండి. ఈ పాఠమాల మొత్తంలో ఒక్క చిట్కానే గుర్తుంచుకుంటామంటే అది ఇదే.

ఇక ఇవాళ్టి పాఠం. ఇన్నాళ్లూ హాన్సార్డ్ (సభలో జరిగిన చర్చల అధికారిక రికార్డు), ప్రశ్నలు, డివిజన్లు విడివిడిగా చూశాం. ఇప్పుడు ఒకే మనిషి రికార్డులో ఒకే వారం తీసుకుని అన్నిటినీ కలిపి చదువుదాం. మనిషి ఆన్ క్లూయిడ్. వేల్స్‌లోని కనన్ వ్యాలీ నియోజకవర్గం నుంచి 1984 ఉప ఎన్నికలో లేబర్ పార్టీ తరఫున గెలిచి 2019 దాకా, అంటే 35 ఏళ్లు, ఎంపీగా ఉన్నారు. ఎంపీ కాకముందు మొదట జర్నలిస్టు, తర్వాత యూరోపియన్ పార్లమెంటు సభ్యురాలు. 2023లో చనిపోయారు. పేరు పలకడం దగ్గర తడబడకండి. వెల్ష్ భాషలో డబుల్యూ అక్షరం అచ్చుగా కూడా పనిచేస్తుంది, అందుకే అది క్లూయిడ్. నియోజకవర్గం పేరును ఇంగ్లిష్ అక్షరాలు చూసి ‘సైనన్’ అనబుద్ధేస్తుంది. కాదు, కనన్.

ఆ వారంలో మంగళవారం మార్చి 18. ఆమె ప్రభుత్వం వైపు, అంటే యుద్ధం వైపు ఓటు వేశారు. అప్పుడు అధికారంలో ఉన్న ఆమె సొంత పార్టీ లేబర్‌లో 139 మంది ఆ రోజు సవరణకు ఓటేసి తిరగబడ్డారు. వాళ్లలో ఆమె లేరు. ఈ ఒక్క గడి చూసి ‘పార్టీ గీత దాటని మనిషి’ అని రాసేసుకోవచ్చు. చాలామంది చేసేది అదే. ఎంపీలకు మార్కులు వేసే సైట్లు కూడా ఎక్కువగా ఓట్ల దగ్గరే ఆగుతాయి.

వెనక్కి తిప్పండి. 1988లో అణ్వాయుధాల ఖర్చు విషయంలో పార్టీ విప్‌ను కాదని ఓటు వేసినందుకు ప్రతిపక్ష ముందు వరుసలో ఉన్న పదవి పోగొట్టుకున్నారు. తర్వాత మళ్లీ ముందు వరుసకు వచ్చారు. 1995లో మళ్లీ పోయింది. ఈసారి కారణం వేరు. ఇరాక్‌లోని కుర్దుల ప్రాంతంలోకి టర్కీ సైన్యం చొరబడితే, అక్కడేం జరుగుతోందో చూడటానికి పార్టీ అనుమతి లేకుండా వెళ్లారు. సద్దాం ప్రభుత్వ పెద్దలను యుద్ధ నేరాల కింద విచారించాలని ప్రచారం చేసిన ఇండిక్ట్ అనే సంస్థకు ఆమె అధ్యక్షురాలు కూడా. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకున్నాక 2003 నాటి ఓటు మరోలా కనిపిస్తుంది. పార్టీ చెప్పిందని వేసిన ఓటు కాదు, అది కుర్దుల వైపు నుంచి వచ్చిన ఓటు. మీకు అది సరైన ఓటు అనిపించకపోవచ్చు. నాకూ అనిపించదు. కానీ రికార్డు చదివేవాడి మొదటి పని ఓటు ఎక్కణ్నుంచి వచ్చిందో పట్టుకోవడం, మార్కులు తర్వాత.

ఇక్కడ మన దేశంలో ఓట్లు చూసే అలవాటున్నవాళ్లకి ఒక హెచ్చరిక. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో మనకు ఫిరాయింపుల చట్టం వచ్చింది. విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. కాబట్టి లోక్‌సభలో ఒక సభ్యుడి ఓటు చూసి అతని మనసు తెలుసుకోవడం కష్టం. బ్రిటన్‌లో అలాంటి చట్టం లేదు. విప్‌ను కాదంటే పదవి పోవచ్చు, పార్టీ నుంచి బయటకు పంపొచ్చు, ఎంపీ సీటు మాత్రం పోదు. అందుకే అక్కడి డివిజన్ జాబితాలో చదవడానికి ఏదో ఉంటుంది.

ఇప్పుడు శుక్రవారం, మార్చి 21. క్యాలెండర్ చూస్తే అది ఆమె 66వ పుట్టినరోజు కూడా. ఆ రోజు సభ ముందుకు వచ్చింది ఆమె ప్రైవేటు మెంబర్ బిల్లు, అంటే మంత్రి కాని సభ్యులు సొంతంగా పెట్టే బిల్లు. ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారాన్ని అరికట్టడం దాని పని. అప్పటికే 1985 నాటి చట్టం ఒకటి ఉంది. ఆ చట్టం కింద ఒక్కరికీ శిక్ష పడలేదు. పైగా అందులో పెద్ద కన్నం: పిల్లను సెలవులకని వేరే దేశానికి తీసుకెళ్లి అక్కడ చేయిస్తే చట్టానికి చెయ్యి అందదు. కొత్త బిల్లు ఆ కన్నం పూడ్చింది. బ్రిటన్ పౌరులుగానీ, శాశ్వత నివాసులుగానీ ఏ దేశంలో చేసినా నేరమే. గరిష్ఠ శిక్ష 5 ఏళ్ల నుంచి 14 ఏళ్లకు పెరిగింది.

శుక్రవారం అన్నది ఎందుకంత ముఖ్యమో చెబుతాను, ఇది తెలియకపోతే ప్రైవేటు మెంబర్ బిల్లుల రికార్డు అర్థం కాదు. ఏడాది మొత్తంలో వీటికి దక్కేది 13 శుక్రవారాలు. ఎంపీలు శుక్రవారం నియోజకవర్గాలకు వెళ్లిపోతారు కాబట్టి సభ బోసిగా ఉంటుంది. చర్చ మధ్యాహ్నం 2:30కి ఆగిపోవాల్సిందే. గిట్టనివాడు ఒకడు లేచి ఆ సమయం దాకా మాట్లాడుతూనే ఉంటే బిల్లు చచ్చినట్టే. చర్చ ముగించి ఓటుకు పెట్టమనాలంటే 100 మంది మద్దతు కావాలి. 2:30 దాటాక వరసలో మిగిలిన బిల్లుల పేర్లు చదువుతుంటే ఒక్క గొంతు ‘అభ్యంతరం’ అంటే చాలు, ఆ రోజుకి అంతే. ఇలాంటి చోట బిల్లు గట్టెక్కాలంటే సభ్యుడి వాక్చాతుర్యం కన్నా ముందు జరిగిన పని లెక్క: ప్రభుత్వాన్ని ఒప్పించడం, అవతలి పార్టీవాళ్లతో మాట్లాడుకోవడం, అభ్యంతరం చెప్పగలవాళ్ల ఇళ్ల ముందు పడిగాపులు. ఈ పనంతా హాన్సార్డ్‌లోకి ఎక్కదు. ఎక్కేది ఫలితమే. మన లోక్‌సభలోనూ శుక్రవారమే వీటి రోజు. స్వాతంత్ర్యం వచ్చాక మన పార్లమెంటు ఆమోదించిన ప్రైవేటు బిల్లులు 14, చివరిది 1970లో. ఆ లెక్కన చూస్తే ఇదెంత కష్టమో తెలుస్తుంది.

ఆన్ క్లూయిడ్ బిల్లు ఆ శుక్రవారం రెండో పఠనం (బిల్లు మూల ఉద్దేశం మీద జరిగే చర్చ) దాటింది, ఓటింగ్ అవసరమే పడలేదు. అక్టోబరులో రాజముద్ర పడింది. ఎగువ సభ అయిన లార్డ్స్‌లో దాన్ని నడిపింది బారనెస్ రెండెల్. 2004 మార్చి 3 నుంచి అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు మీ నోటుబుక్కు తెరవండి. మంగళవారం గడిలో రెండు ఓట్లున్నాయి. శుక్రవారం గడిలో సున్నా. డివిజన్ జరగలేదు కాబట్టి ఓట్ల లెక్కలో ఆ రోజుకి చోటు లేదు. ఆమె 35 ఏళ్లలో ఎక్కువ కాలం నిలిచిన పని ఏదంటే నేను ఆ శుక్రవారాన్నే చూపిస్తాను. ఓట్ల సంఖ్యతో మాత్రమే ఎంపీని తూచే పద్ధతి మీద నాకున్న కోపానికి ఇదే కారణం. అయితే చట్టం వచ్చింది కదా అని చప్పట్లు కొట్టి మూసెయ్యకండి. ‘తర్వాత ఏమైంది?’ అని ఒక గడి చేర్చుకోండి. ఈ చట్టం కింద తొలిసారి శిక్ష పడింది 2019లో. పదహారేళ్లు పట్టింది. ఆ సంవత్సరం చివర్లోనే ఆమె పార్లమెంటు నుంచి తప్పుకున్నారు.

రికార్డులో ఖాళీగా కనిపించే రోజులు కూడా చదవాలి. 1994లో ఆమె నియోజకవర్గంలోని టవర్ బొగ్గు గనిని మూసేస్తామన్నారు. ఆమె కార్మికులతో కలిసి గనిలోకి దిగి 27 గంటలు పైకి రాలేదు. ఏ ఎంపీ అయినా ఆ గంటల్లో డివిజన్ జరిగితే గైర్హాజరుగానే కనిపిస్తారు. గని మూతపడింది, కానీ కార్మికులు తలా 8,000 పౌండ్లు వేసుకుని దాన్ని కొన్నారు. 1995 నుంచి 2008 దాకా తామే నడిపారు. నియోజకవర్గ వార్తాపత్రికలు పక్కన లేకుండా హాన్సార్డ్ ఒక్కటే చదివితే ఇవన్నీ జారిపోతాయి.

వేల్స్ ఎంపీల విషయంలో ఇంకో సంగతి. 1999 నుంచి ఆరోగ్యం, విద్య లాంటివి కార్డిఫ్‌లోని వెల్ష్ సభ చేతికి వెళ్లాయి. వేల్స్ ఆస్పత్రి గురించి లండన్ మంత్రిని అడగడానికి వెస్ట్‌మినిస్టర్ (లండన్‌లోని బ్రిటన్ పార్లమెంటు) ఎంపీకి దారి మూసుకుపోయింది. 2012లో ఆన్ క్లూయిడ్ భర్త కార్డిఫ్‌లోని ఆస్పత్రిలో చనిపోయారు. అక్కడి నర్సింగ్ తీరు మీద ఆమె బహిరంగంగా, కన్నీళ్లతో మాట్లాడారు. ఆస్పత్రుల్లో రోగుల ఫిర్యాదులను ఎలా చూస్తున్నారో సమీక్షించమని ప్రధాని ఆమెను కోరారు. 2013లో నివేదిక వచ్చింది. అది ఇంగ్లండ్ ఆస్పత్రుల మీద! భర్త పోయింది వేల్స్‌లో, సమీక్ష ఇంగ్లండ్‌లో. అధికారాలు ఎవరి దగ్గరున్నాయో తెలియకపోతే ఇది తప్పు అచ్చు అనుకుంటాం. కాబట్టి వేల్స్ ఎంపీ ఆరోగ్యం మీద తక్కువ ప్రశ్నలు అడిగారని లెక్క తేలితే, బద్ధకం అని రాసే ముందు సంవత్సరం చూడండి. క్రిమినల్ చట్టం మాత్రం వెస్ట్‌మినిస్టర్ దగ్గరే ఉంది. ఆ శుక్రవారం బిల్లు వేల్స్‌కు కూడా వర్తించింది అందుకే.

హోంవర్క్. హాన్సార్డ్ సైట్‌లో 2003 మార్చి 21 తెరిచి ఆ బిల్లు చర్చ పూర్తిగా చదవండి, పొడవైనదేమీ కాదు. ప్రతిపక్షం నుంచి మాట్లాడినవాళ్లెవరు, వాళ్లు అడ్డుపడ్డారా, సాయం చేశారా, ప్రభుత్వం తరఫున మంత్రి ఏ మాట ఇచ్చారు అన్నవి అర పేజీలో రాయండి. చివరి వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకోండి, దాని మాటల పొందిక వచ్చే పాఠంలో కావాలి. బ్రిటన్‌లో ఉంటున్నవాళ్లు ఇంకో పని కూడా చెయ్యొచ్చు: మీ ఎంపీ రికార్డులో ఏదో ఒక శుక్రవారం పట్టుకుని సభలో ఉన్నారో లేదో చూడండి, లేకపోతే ఆ రోజు నియోజకవర్గంలో ఏం చేశారో స్థానిక పత్రికలో వెతకండి. వచ్చే పాఠం రాతపూర్వక ప్రశ్నల మీద. ‘ఆ సమాచారం సేకరించడానికి ఖర్చు ఎక్కువవుతుంది’ అని మంత్రి జవాబిస్తే అందులోంచి ఏం పిండుకోవచ్చో చూద్దాం.