రాస్ప్‌బెర్రీ పైతో ఇంట్లోనే పాత వీడియో గేమ్ కన్సోల్: ఎలా చేయాలి?

రాస్ప్‌బెర్రీ పై అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు; పై 3, పై 4, పై 5 దాని మోడళ్లు. ముందే చెప్తున్నా, ఆ బోర్డు మీద డబ్బులు తగలేయొద్దు. క్యాసెట్ ఊది ఊది పెట్టి ఆడిన ఆ 8 బిట్ గేముల బొమ్మ మొత్తం 256 బై 240 పిక్సెళ్లే, దానికి పాత పై 3 కూడా ఎక్కువే, ప్లేస్టేషన్ 1 గేములు కూడా దాదాపు అన్నీ లాగేస్తుంది. నింటెండో 64 మీద మనసుంటేనే 2019లో వచ్చిన పై 4 చూడండి. పై 5 మాత్రం వేరే లెక్క. మనం వాడబోయేది రెట్రోపై, అంటే పాత కన్సోళ్ల గేములు పై మీద ఆడించే ఫ్రీ సాఫ్ట్‌వేర్. దాని 4.8 ఇమేజ్ (కార్డు మీదకి ఎక్కించే ఫైలు) 2022 నాటిది, పై 5 వచ్చింది 2023లో, కాబట్టి ఆ ఇమేజ్‌తో పై 5 బూట్ కాదు. దానికి ఇలాంటివే అయిన బాటోసెరా గానీ రీకాల్‌బాక్స్ గానీ వేసుకోవాలి.

మిగిలిన డబ్బులు అడాప్టర్ మీద, కార్డు మీద పెట్టండి. పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్ల టైప్ సి అడాప్టర్ కావాలి, పై 3కి 2.5 ఆంపియర్ల మైక్రో యూఎస్‌బీది. ఫోన్ ఫాస్ట్ చార్జర్ ఉంది కదా అనుకుంటారు, కానీ దాని మీద రాసి ఉన్న పెద్ద వాట్లు చాలావరకు 9 వోల్టుల దగ్గర వచ్చేవి, బోర్డు తీసుకునేది 5 వోల్టులే. ఆడుతుంటే స్క్రీన్ మూలన పసుపు మెరుపు గుర్తు పడితే కరెంటు చాలట్లేదని అర్థం. మైక్రో ఎస్‌డీ కార్డు 32 జీబీది చాలు, మంచి కంపెనీది తీసుకోండి. బోర్డు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం తేలిక. కార్డు, యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ హన్మకొండలో కంప్యూటర్ షాపుల్లో అడగండి. పై 4కి పట్టేది మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్, మినీ కాదు.

ఇక పని. కంప్యూటర్‌లో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ (కార్డు మీదకి సాఫ్ట్‌వేర్ ఎక్కించే ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేసి, కార్డు పెట్టి, మీ బోర్డు మోడల్ ఎంచుకుని, ఎమ్యులేషన్ (పాత కన్సోళ్లను అనుకరించే) ఓఎస్‌ల జాబితాలో రెట్రోపై నొక్కి, కార్డు మీదకి రాసే రైట్ బటన్ కొట్టండి. కార్డులో ఉన్నదంతా పోతుంది, పెళ్లి ఫొటోలున్న కార్డు పెట్టకండి. తర్వాత కార్డు బోర్డులో వేసి టీవీకి కలిపి ఆన్ చేస్తే గేమ్‌ప్యాడ్ బటన్లు ఒక్కొక్కటీ నొక్కమంటుంది. మీ ప్యాడ్‌కి లేని బటన్ అడిగితే ఉన్నదేదో ఒకటి కాసేపు నొక్కి పట్టుకోండి, దాటిపోతుంది. చివర్లో హాట్‌కీగా (వేరే బటన్‌తో కలిపి నొక్కే బటన్‌గా) సెలెక్ట్ పెట్టుకోండి. ఆట మధ్యలో బయటికి రావాలంటే సెలెక్ట్, స్టార్ట్ కలిపి నొక్కడమే.

గేములు ఎక్కించడానికి పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్ 32లో ఫార్మాట్ చేసి, రెట్రోపై పేరుతో ఒక ఫోల్డర్ పెట్టండి (ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, స్పేస్ లేకుండా). బోర్డుకి గుచ్చి, లైటు మిణుకుమనడం ఆగేదాకా ఆగితే లోపల రోమ్స్ (గేము ఫైళ్ల) ఫోల్డర్ తయారవుతుంది. ఏ కన్సోల్ గేము ఆ కన్సోల్ ఫోల్డర్‌లో వేసి మళ్లీ గుచ్చితే అదే కాపీ చేసుకుంటుంది. వేల గేములు ముందే నింపిన కార్డులు అమ్ముతుంటారు, నేనైతే కొనను. కాపీరైట్ గొడవ ఒకటి, పైగా అందులో సగం ఒకే గేము నాలుగు పేర్లతో ఉంటుంది. చట్టబద్ధంగా ఫ్రీగా దొరికేవీ ఉన్నాయి: 2004లో జపాన్‌లో ఒక్కడే కూర్చుని చేసిన కేవ్ స్టోరీని రెట్రోపై సెటప్ నుంచే వేసుకోవచ్చు, చాలా మంచి గేము.

ఇంట్లో డబ్బా టీవీ ఇంకా పనిచేస్తుంటే దాన్ని పారేయకండి, ఈ గేములకు అదే అందం. పై 3, పై 4లలో ఆడియో జాక్ నుంచే వీడియో కూడా వస్తుంది, కానీ లోపలి వైర్ల వరస రాస్ప్‌బెర్రీ పైకి సరిపోయే ఏవీ కేబుల్ కావాలి. కార్డులో ఉండే కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్‌లో, పై 4 అయితే టీవీ ఔట్ ఆన్ చేసి, మన టీవీల కోసం ప్యాల్ మోడ్ పెట్టాలి.

మన దగ్గర రెండు సమస్యలున్నాయి, ఎండ, కరెంటు. చిప్ 80 డిగ్రీలు దాటితే దానంతట అదే స్పీడు తగ్గించుకుంటుంది, రామగుండం వైపు మే నెలలో హీట్ సింక్ (చిప్ వేడిని లాగే లోహపు బిళ్ల), చిన్న ఫ్యాన్ లేకుండా పై 4 పెట్టకండి. నడుస్తుండగా కరెంటు పోతే కార్డులో ఫైళ్లు పాడవుతాయి. ఇన్వర్టర్ ఉన్న లైన్‌కే ప్లగ్ పెట్టండి, ఆపేటప్పుడు మెనూలో క్విట్‌కి వెళ్లి షట్‌డౌన్ కొట్టి, పచ్చ లైటు ఆగాకే స్విచ్ తీయండి. అన్నీ సెట్ అయ్యాక అదే కార్డుని ఒకసారి కంప్యూటర్‌లో ఇమేజ్‌గా తీసి దాచుకోండి, ఎప్పుడైనా చెడిపోతే మళ్లీ మొదటి నుంచి బటన్లు నొక్కే పని ఉండదు.