పర్యావరణం కోసం కోర్టుకు వెళ్లాలంటే ముందు నోటుబుక్కు తెరవండి

వాగు నీళ్లు రంగు మారినా, చెట్లు రాత్రికి రాత్రి మాయమైనా మొదట వచ్చేది కోపం. ఆ కోపంలో కొందరు కేసు వేద్దామంటారు, ఇంకొందరు ముందు జనానికి చెబుదామంటారు. నన్నడిగితే ఇవి రెండు వేర్వేరు పనులు కావు, ఒకే ఫైలుతో రెండూ నడుస్తాయి. జడ్జికి చూపించలేని మాట జనం ముందూ అనకపోవడమే మంచిది. ఆ ఫైలు ఎలా తయారు చేయాలో చూద్దాం.

1. చూసింది చూసినట్టు రాయండి

"నది పాడైపోతోంది" అని ఫిర్యాదు చేస్తే ఎవరూ కదలరు. ఏ పైపు, ఏ గట్టు, ఏ వేళ అన్నది తేలాలి. నోటుబుక్కులో రాత ఇలా ఉండాలి:

"మంగళవారం, ఉదయం 6.10. వంతెన కింద, ఎడమ గట్టు పైపు. నీళ్లు ఎర్రగా వచ్చాయి, నురగ ఉంది. 40 నిమిషాలకు ఆగింది. చూసింది నేనూ, పక్కింటాయనా."

ఇందులో తిట్లు లేవు, అనుమానం లేదు, ఏ ఫ్యాక్టరీ పేరూ లేదు. అందుకే దీనికి విలువ. పైపు ఎక్కడి నుంచి వస్తోందో రుజువయ్యాక పేరు దానంతటదే బయటికొస్తుంది. ఇలాంటివి పది పన్నెండు పోగైతే ఏ రోజుల్లో, ఏ వేళల్లో వదులుతున్నారో కూడా తెలిసిపోతుంది.

ఫొటోలు రెండు తీయండి. పైపు దగ్గరగా ఒకటి, వంతెన కూడా కనబడేలా దూరం నుంచి ఒకటి. మొదటిది మాత్రమే ఉంటే "ఇది ఎక్కడి పైపో ఎవరికి తెలుసు?" అంటారు అవతలి లాయర్. ఫోన్‌లోని అసలు ఫైలు చెరపకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తీసిన సమయం, చోటు వివరాలు ఊడిపోతాయి.

నీటి శాంపిల్ మనమే సీసాలో పట్టుకెళ్తే ఫిర్యాదుకు పనికొస్తుందేమో గానీ కోర్టులో నిలవడం కష్టం. ఎవరు పట్టారు, ఎన్ని చేతులు మారింది, సీలు ఎప్పుడు వేశారు అని వరసగా అడుగుతారు. గుర్తింపు ఉన్న ల్యాబ్ మనిషే వచ్చి తీసుకెళ్తే ఈ టెన్షన్ ఉండదు.

2. అనుమతి పత్రం సంపాదించండి

చాలామంది వదిలేసే పని ఇది. పరిశ్రమకు ఇచ్చిన అనుమతిలో షరతులు ఉంటాయి: ఎన్ని నీళ్లు వదలొచ్చు, ఎంత శుద్ధి చేయాలి, ఎన్నాళ్లకోసారి పరీక్షించాలి. "కాలుష్యం చేస్తున్నారు" అని వాదించడం కన్నా "ఫలానా షరతు తప్పారు" అని నిరూపించడం తేలిక. చాలా దేశాల్లో సమాచార హక్కు చట్టాలున్నాయి. 1998 నాటి ఆర్హస్ ఒప్పందంలో (పర్యావరణ సమాచారం, న్యాయం జనానికి అందాలన్న అంతర్జాతీయ ఒప్పందం) చేరిన దేశాల్లోనైతే పర్యావరణ సమాచారం ఎందుకు కావాలో కూడా చెప్పనక్కర్లేదు.

పత్రం చేతికొచ్చాక అధికారులకు ఫిర్యాదు రాసిచ్చి, అందినట్టు సంతకమో నంబరో తీసుకోండి. "ముందు వాళ్లనెందుకు అడగలేదు?" అని కోర్టు అంటే చూపించేది అదే. కానీ జవాబు కోసం కూర్చుని, ఆ అనుమతిపై అప్పీలు గడువు పోగొట్టుకోకండి. కొన్నిచోట్ల అది వారాల్లోనే అయిపోతుంది.

3. లాయర్‌ని మూడు ప్రశ్నలు అడగండి

ఈ కేసు వేసే అర్హత నాకుందా? ఇది మొదటిది. 1972లో అమెరికా సుప్రీంకోర్టులో సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థ ఇక్కడే దెబ్బతింది. కాలిఫోర్నియాలోని మినరల్ కింగ్ లోయలో డిస్నీ సంస్థ తలపెట్టిన స్కీ రిసార్ట్‌ను ఆపాలన్నది ఆ కేసు. లోయకు వెళ్లే తమ సభ్యులకు ఏం నష్టమో పిటిషన్‌లో రాయలేదని కోర్టు కాదంది. ఒక్క పేరా లేనందుకు! తర్వాత పిటిషన్ సరిచేసుకున్నారు, రిసార్ట్ ఎప్పటికీ రాలేదు, 1978లో ఆ లోయ సెకోయా జాతీయ ఉద్యానంలో కలిసింది. 1993లో ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు మాత్రం, అడవులు నరికే లైసెన్సులపై పిల్లలు వేసిన కేసులో, ఇంకా పుట్టని తరాల తరఫున కూడా అడగవచ్చంది. గడప ఎత్తు దేశానికో రకం.

ఓడితే అవతలివాళ్ల ఖర్చు కూడా మనమే కట్టాలా? ఇది రెండోది. ఎన్నేళ్లు పడుతుంది? ఇది మూడోది. నెదర్లాండ్స్‌లో ఉర్జెండా అనే పర్యావరణ సంస్థ, భూమిని వేడెక్కించే వాయువులు తగ్గించాలని ప్రభుత్వం మీద 2013లో వేసిన కేసు 2015లోనే గెలిచింది. అయినా చివరి తీర్పుకు 2019 డిసెంబరు వచ్చింది.

4. అదే ఫైలుతో జనం దగ్గరికి వెళ్లండి

తీర్పు దాకా ఆగక్కర్లేదు. ఉపన్యాసాల కన్నా ఒక పెద్ద మ్యాప్ బాగా పనిచేస్తుంది. పైపు ఎక్కడ, నీళ్లు తోడే చోటు ఎక్కడ అని గుర్తు పెట్టి గోడకు అంటించండి. వచ్చినవాళ్లు ముందు తమ ఇల్లెక్కడో వేలు పెట్టి వెతుక్కుంటారు, ప్రశ్నలు అక్కడి నుంచి మొదలవుతాయి. కరపత్రంలో నోటుబుక్కులో ఉన్నదే రాయండి. "విషం" లాంటి మాట ల్యాబ్ రిపోర్టు అనేదాకా మనం అనకూడదు. నోరు మూయించడానికే పరువునష్టం దావాలు వేసే సంస్థలు ఉన్నాయి, కాబట్టి అచ్చు వేసే ముందు లాయర్‌కి ఒకసారి చూపించండి.

కోర్టే పాఠం చెప్పించిన సందర్భమూ ఉంది. పర్యావరణ కేసులకు పేరుపడ్డ లాయర్ ఎం.సి. మెహతా వేసిన కేసులో భారత సుప్రీంకోర్టు 1991లో సినిమా హాళ్లు ప్రతి ఆటకూ పర్యావరణ స్లైడ్లు ఉచితంగా వేయాలంది, పర్యావరణాన్ని బడుల్లో, కాలేజీల్లో తప్పనిసరి పాఠంగా పెట్టించమంది. పిటిషన్‌లో అలాంటి కోరిక మీరూ పెట్టవచ్చు.

5. తీర్పు వచ్చాక

2008లో మనీలా బే (మనీలా నగరం పక్కనున్న సముద్రపు ఖాతం) కేసులో ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు ఆ నీళ్లను ఈతకు పనికొచ్చేలా శుభ్రం చేయమని ప్రభుత్వ శాఖలను ఆదేశించి ఊరుకోలేదు, మూడు నెలలకోసారి ప్రగతి నివేదిక ఇమ్మంది. ఇలాంటి షరతు అడగమని లాయర్‌కి ముందే చెప్పండి. నివేదిక వచ్చిన వారంలో పాత నోటుబుక్కు పట్టుకుని, ఉదయం 6.10కి మళ్లీ వంతెన కిందికి వెళ్లి చూసి రండి.