మాధ్యమాన్ని చదవడం నేర్చుకుందాం – 4: పాట కొలత ఎవరు పెట్టారు?

పోయిన పాఠంలో కంటికి పని పెట్టాం, ఇవాళ చెవికి. పాట వింటున్నప్పుడు అందులో కళాకారుడు కోరి చేసుకున్నదెంత, యంత్రం పెట్టిన హద్దెంత అని విడదీసి చూడటం ఈ పాఠం.

నిడివితో మొదలుపెడదాం. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది. గాడి అయిపోతే పాట అయిపోయినట్టే. సభలో ఎంతసేపైనా పాడగలిగినవాళ్లు రికార్డింగుకి వచ్చేసరికి ఆలాపన కుదించారు, చరణాలు తగ్గించారు. 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చి వైపుకి ఇరవై నిమిషాలకు పైగా చోటిచ్చింది. అయినా జనం పాడుకునే పాట మూడు నాలుగు నిమిషాల దగ్గరే ఉండిపోయింది! హద్దు పోయినా అలవాటు పోలేదు. మరుసటి ఏడాది వచ్చిన, నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డూ, రేడియో కార్యక్రమాలూ ఆ కొలతనే పట్టుకున్నాయి. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే.

గొంతు సంగతీ అంతే. 1925లో మైక్రోఫోను రికార్డింగు రాకముందు పెద్ద కొమ్ములోకి గొంతెత్తి పాడాలి. ఆ శబ్దపు ఊపే సూదిని కదిలించి మైనం మీద గాడి గీసేది. మైకు వచ్చాక, పక్కన కూర్చుని చెవిలో చెప్పినంత మెత్తగా పాడటం ఒక శైలి అయింది.

ఇక స్ట్రీమింగ్, అంటే ఇంటర్నెట్‌లో అప్పటికప్పుడు పాట వినడం. స్పాటిఫై అనే సేవలో పాటను కనీసం 30 సెకన్లు వింటేనే ఒక ప్లేగా, అంటే ఒకసారి విన్నట్టుగా లెక్క. వినేవాళ్లు ఆలోపే పాట దాటేయకుండా ఉండాలనే పాటల ముందు వాద్యసంగీతం తగ్గిపోయిందని చాలామంది అంటారు. తొందరపడి ఒప్పుకోకండి, తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. స్పాటిఫై మొదలైంది 2008లో. అమెరికా హిట్ పాటల్లో ఆ తగ్గుదల అంతకు చాలా ముందే మొదలైంది. కొత్త యంత్రం కొన్నిసార్లు మార్పును పుట్టించదు, అప్పటికే నడుస్తున్నదాన్ని ఉరికిస్తుంది.

అభ్యాసం: వేర్వేరు దశాబ్దాల పాటలు నాలుగు తీసుకోండి. ఒక్కోదానికి మొత్తం నిడివి, గొంతు ఎన్నో సెకనులో మొదలైంది, పల్లవి తిరిగి ఎప్పుడొచ్చింది, మొదట దేనిమీద విడుదలైంది – రాసుకోండి. సినిమా పాటైతే సన్నివేశం అవసరాన్ని కూడా పక్కన రాయండి, లేకపోతే లెక్క తప్పుతుంది. తేడా కనిపించిన ప్రతిచోటా, ఆ హద్దు అప్పటికి ఇంకా ఉందా, పోయి అలవాటుగా మిగిలిందా అని తేల్చండి.

ఆ కాగితం దాచుకోండి. వారం ఆగే ప్రేక్షకుణ్ణి పట్టి ఉంచడానికి పెట్టిన ఎపిసోడ్ చివరి మలుపు, అన్ని భాగాలూ ఒకేరోజు వచ్చే చోట ఏమవుతోందో వచ్చే పాఠంలో ఇదే పద్ధతిలో చూద్దాం.